అరువు విమ్‌ఆర్‌సీ వదిలి సొంతది రాసుకోవడం: నాలుగు ఇబ్బందులు, వాటి మూలాలు

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీరు ఉబుంటు 24.04లో విమ్ 9.1 అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతున్నారు. సహోద్యోగి ఇచ్చిన నాలుగు వందల వరుసల విమ్‌ఆర్‌సీని, అంటే తెరుచుకునేటప్పుడు విమ్ చదివే ఫైలును, యథాతథంగా హోమ్ డైరెక్టరీలో పెట్టుకున్నారు. అప్పటి నుంచి నాలుగు ఇబ్బందులు మొదలయ్యాయి. వరుసను ఎంత లోపలికి జరపాలో చెప్పే షిఫ్ట్‌విడ్త్ 2 అని రాసి ఉన్నా పైథాన్ ఫైళ్లలో మాత్రం నాలుగు ఖాళీలే పడుతున్నాయి. పాఠం కొట్టే ఇన్‌సర్ట్ మోడ్‌లో జె, కె వెంటవెంటనే నొక్కితే ఎస్కేప్ నొక్కినట్టు కావలసింది పోయి ఆ రెండు అక్షరాలే ఫైల్లో చేరుతున్నాయి. లీడర్ (సొంత ఆదేశాలకు ముందు నొక్కే మీట), డబ్ల్యూ నొక్కి సేవ్ చేసిన ప్రతిసారీ కర్సర్ ఒక అక్షరం కుడికి జరుగుతోంది. ఎడిటర్ తెరుచుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది. విసిగిపోయి ఆ ఫైలంతా తీసేసి, సెట్ నంబర్ అనే ఒక్క వరుసతో కొత్త ఫైలు మొదలుపెడితే ఉన్న రంగులు కూడా పోయాయి. చివరికి ‘అందరూ వాడే మంచి రెడీమేడ్ ఫైలు ఏదైనా ఉంటే చెప్పండి’ అని అడిగారు.

రెడీమేడ్ ఫైలు ఏదీ నేను సూచించను. విమ్‌ఆర్‌సీ అనేది అమరికల పట్టిక కాదు. ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ మొదటి వరుస నుంచి చివరి వరుస వరకు నడిచే ప్రోగ్రాము. ఇతరుల ప్రోగ్రామును చదవకుండా మీ యంత్రంలో నడిపించినప్పుడు ఏమవుతుందో అదే ఇక్కడా అయింది. మీరు అతికించిన ఫైలును నేను మొత్తం చదివాను. నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి, వాటిలో ఒక్కటి కూడా విమ్ లోపం కాదు. ఆ కారణాలతో పాటు, వాటిని మీ అంతట మీరే కనుక్కునే దారి కూడా చూపిస్తాను. ఎందుకంటే ఏ అమరిక ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఫైలు పేరు, వరుస సంఖ్యతో సహా జవాబు చెప్పే ఎడిటర్ ఇది. చాలామంది ఏళ్ల తరబడి వాడుతూ కూడా దాన్ని ఒక్కసారీ అడగరు.

ఒక చిన్న సూచన. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైల్లో మాత్రం ఇంగ్లీషులో, నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్నబడి అక్షరాల్లో, రెండు మాటలు కలిసినట్టు కనిపించిన చోట మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

పైథాన్ సంగతితో మొదలుపెడదాం, ఎందుకంటే విమ్ ఫైళ్లను చదివే క్రమం అర్థమైతే సగం సందేహాలు అక్కడే తీరుతాయి. ఏదైనా పైథాన్ ఫైలును తెరిచి, ఆదేశాలిచ్చే నార్మల్ మోడ్‌లో కోలన్ కొట్టి, వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్ అని రాసి చివర ప్రశ్నార్థకం పెట్టి ఎంటర్ నొక్కండి. మొదటి వరుసలో షిఫ్ట్‌విడ్త్=4 అని వస్తుంది. దాని కింద, ఈ విలువను చివరిసారిగా మార్చినది యుఎస్‌ఆర్, షేర్, విమ్, విమ్91, ఎఫ్‌టీప్లగిన్ దారిలో ఉన్న పైథాన్ డాట్ విమ్ అనే ఫైలు అని, ఎన్నో వరుసో కూడా చెబుతుంది. మీ విమ్‌ఆర్‌సీలో 2 అని ఉన్న మాట నిజమే. దాన్ని విమ్ చదివిన మాట కూడా నిజమే. అయితే విమ్‌ఆర్‌సీని ఎడిటర్ తెరుచుకునేటప్పుడు, అన్నిటికన్నా ముందు చదువుతుంది. ఆ తర్వాత ప్లగిన్లను, అంటే అదనపు సౌకర్యాలిచ్చే స్క్రిప్టులను, చదువుతుంది. ఆ పైన ఒక ఫైలును తెరిచి అది ఏ భాషదో గుర్తించాక, ఆ భాషకు సంబంధించిన ఎఫ్‌టీప్లగిన్‌ను చదువుతుంది. విమ్‌తో పాటు వచ్చే పైథాన్ ఎఫ్‌టీప్లగిన్ సెట్‌లోకల్ అనే ఆదేశంతో ఆ ఒక్క ఫైలుకు మాత్రం నాలుగు ఖాళీలను విధిస్తుంది, పైథాన్ శైలీ నియమావళి అయిన పెప్ 8 చెప్పేది కూడా నాలుగే కాబట్టి. చివరగా మాట్లాడినవారి మాటే చెల్లుతుంది. జావాస్క్రిప్ట్ విషయంలో అలా విధించేవారు లేరు కాబట్టి అక్కడ మీ 2 నిలిచింది.

దీన్ని మార్చడానికి రెండు మార్గాలున్నాయి. విమ్‌ఆర్‌సీలోనే లెట్ ఆదేశంతో, జీ కోలన్ పైథాన్ అండర్‌స్కోర్ రికమెండెడ్ అండర్‌స్కోర్ స్టైల్ అనే చలరాశికి సున్నా ఇస్తే ఆ ఎఫ్‌టీప్లగిన్ నాలుగు ఖాళీల జోలికి వెళ్లదు. రెండోది ఏ భాషకైనా పనికొచ్చే పద్ధతి: హోమ్‌లోని డాట్‌విమ్ డైరెక్టరీలో ఆఫ్టర్ అనే డైరెక్టరీ, దానిలో ఎఫ్‌టీప్లగిన్ అనే డైరెక్టరీ చేసి, అందులో పైథాన్ డాట్ విమ్ అనే ఫైలు పెట్టి, సెట్‌లోకల్ షిఫ్ట్‌విడ్త్=2 సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్=2 అని ఒక్క వరుస రాయండి. ఆఫ్టర్ అన్న పేరే చెబుతున్నట్టు, విమ్ సొంత ఎఫ్‌టీప్లగిన్ నడిచాక అది నడుస్తుంది. ఇక్కడ సెట్ అని కాక సెట్‌లోకల్ అనే రాయాలి. లేకపోతే ఒక పైథాన్ ఫైలు తెరిచిన తర్వాత అదే సెషన్‌లో కొత్తగా తెరిచే ఇతర ఫైళ్లకు కూడా ఆ అమరిక అంటుకుంటుంది. అయితే మీ బృందంలో తక్కినవారందరూ నాలుగు ఖాళీలతో రాస్తుంటే మీరొక్కరే రెండుకు మారడం అవసరమా అన్నది ఒకసారి ఆలోచించుకోండి. ఎఫ్‌టీప్లగిన్ ప్రతిసారీ మనకు అడ్డు రాదు: మేక్‌ఫైల్‌లో ఆదేశాల వరుసలు నిజమైన ట్యాబ్ అక్షరంతోనే మొదలవ్వాలి, మీ విమ్‌ఆర్‌సీలో ఎక్స్‌పాండ్‌ట్యాబ్ ఉన్నా మేక్‌ఫైల్ చెడిపోకుండా కాపాడుతున్నది ఆ భాష ఎఫ్‌టీప్లగినే.

ట్యాబ్ మాట వచ్చింది కనుక, మీ ఫైల్లో ట్యాబ్‌స్టాప్‌ను కూడా 2 చేసి ఉంచారు. ట్యాబ్‌స్టాప్ అనేది ఫైల్లో ఇప్పటికే ఉన్న ట్యాబ్ అక్షరం తెరమీద ఎంత వెడల్పుగా కనిపించాలో చెబుతుంది. ట్యాబ్ మీట నొక్కితే ఎన్ని ఖాళీలు పడాలో చెప్పేది సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్; వరుసను లోపలికి జరిపితే ఎంత జరగాలో చెప్పేది షిఫ్ట్‌విడ్త్; ట్యాబ్‌కు బదులు ఖాళీలే పెట్టాలా అన్నది ఎక్స్‌పాండ్‌ట్యాబ్. ట్యాబ్‌స్టాప్‌ను సహజ విలువ 8 దగ్గరే వదిలేసి తక్కిన మూడింటిని మాత్రమే మార్చుకోవడం నా అలవాటు. టెర్మినల్‌లో క్యాట్‌తో చూసినా గిట్ డిఫ్‌లో చూసినా ట్యాబ్ సాధారణంగా ఎనిమిది గళ్లుగానే కనిపిస్తుంది, కనుక ట్యాబ్‌లూ ఖాళీలూ కలగలిసిన ఫైలు నా ఎడిటర్‌లో వరుసలు కలిసి చక్కగా, బయట వంకరగా కనబడే పరిస్థితి రాదు.

ఇక జె, కె జంట విషయం. ఆ మ్యాప్, అంటే మీటలకు మరో పని అప్పగించే వరుస, సరిగానే రాశారు. దోషం దానికి నూటయాభై వరుసల పైన ఉన్న సెట్ పేస్ట్ అనే వరుసలో ఉంది. ఇన్‌సర్ట్ మోడ్‌లోకి వెళ్లి తెర అడుగున చూడండి: ఇన్‌సర్ట్ అన్న మాట పక్కన కుండలీకరణాల్లో పేస్ట్ అని కూడా కనిపిస్తుంది. బ్రౌజర్ నుంచి కోడ్‌ను కాపీ చేసి టెర్మినల్‌లో అతికిస్తే ప్రతి వరుసా ముందుదాని కన్నా కుడికి జరుగుతూ మెట్లమెట్లుగా పడే బెడదను తప్పించడానికి పెట్టిన తాత్కాలిక అమరిక అది. అది పనిచేస్తున్నంత సేపు విమ్ ఇన్‌సర్ట్ మోడ్‌లోని మ్యాప్‌లన్నిటినీ, సంక్షేపాలన్నిటినీ పక్కన పెడుతుంది. ఆటోఇండెంట్, ఎక్స్‌పాండ్‌ట్యాబ్, సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్ కూడా ఆగిపోతాయి. దాన్ని విమ్‌ఆర్‌సీలో శాశ్వతంగా రాసుకోవడమంటే వాన కురిసిన రోజు విప్పిన గొడుగును ఇంట్లో నిద్రపోయేటప్పుడు కూడా పట్టుకుని ఉండటమే. ఆ వరుస తీసేయండి. విమ్ 8 నుంచి, నేటి టెర్మినళ్లలో చాలావరకు, అతికించిన పాఠాన్ని మీటలు నొక్కిన పాఠం నుంచి ఎడిటరే వేరు చేసి గుర్తిస్తుంది కాబట్టి ఆ అమరిక అవసరం దాదాపు పోయింది.

అసలు ఎస్కేప్‌కు ఇన్ని ప్రత్యామ్నాయాలు ఎందుకు వెతుక్కుంటున్నామో తెలిస్తే ఆ మ్యాప్ ఉంచుకోవాలో వద్దో మీరే తేల్చుకోగలరు. 1976లో బర్కిలీలో బిల్ జాయ్ వీఐ ఎడిటర్‌ను రాసినప్పుడు ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్. దాని మీద ఎస్కేప్ మీట ఈనాడు ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలికి అందేంత దగ్గరలో ఉండేది. బాణం గుర్తులు వేరే మీటలుగా కాక హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. మీటల పలకలు మారిపోయాయి, ఎస్కేప్ మూలకు వెళ్లింది, ఎడిటర్ అలవాట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. అందువల్ల జె, కె మ్యాప్‌కు నా అభ్యంతరం లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: జె నొక్కగానే తర్వాత కె వస్తుందేమోనని విమ్ టైమౌట్‌లెన్ చెప్పినంత సేపు, అంటే సహజంగా 1000 మిల్లీసెకన్లు, ఎదురుచూస్తుంది. అందుకే జె అక్షరం తెరమీద కాస్త తడబడుతూ స్థిరపడుతుంది.

మూడో ఇబ్బంది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే విమ్‌ఆర్‌సీ రాసేవారిలో ఈ గోతిలో ఒక్కసారైనా పడనివారు అరుదు. మీ ఫైల్లో ఎన్‌నోర్‌మ్యాప్ లీడర్ డబ్ల్యూ అని మొదలై, కోలన్ డబ్ల్యూ, ఎంటర్ అని ముగిసిన వరుస చివర ఒక ఖాళీ, జంట కోట్ గుర్తు, ఆపైన ‘ఫైలు సేవ్ చేయి’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. తక్కిన చోట్ల జంట కోట్ గుర్తుతో వ్యాఖ్య మొదలవుతుంది కాబట్టి ఇక్కడా అది వ్యాఖ్యే అవుతుందని రాసినవారు అనుకున్నారు. మ్యాప్ ఆదేశం అలా అనుకోదు. వరుస చివరి వరకు ఉన్న ప్రతి అక్షరాన్నీ, కంటికి కనబడని ఖాళీని కూడా, మీరు నొక్కాలనుకున్న మీటలుగానే తీసుకుంటుంది. సేవ్ అయ్యాక ఆ ఖాళీ అమలవుతుంది. నార్మల్ మోడ్‌లో స్పేస్ నొక్కితే కర్సర్ ఒక అక్షరం కుడికి వెళ్తుంది. మీకు జరుగుతున్నది సరిగ్గా అదే. వ్యాఖ్యను మ్యాప్ పైన విడిగా ఒక వరుసలో రాయండి. మ్యాప్ వరుసల చివర ఖాళీలు మిగిలాయేమో కూడా చూసుకోండి, వ్యాఖ్యను చెరిపి ఖాళీని వదిలేస్తే ఇబ్బంది అలాగే ఉంటుంది.

మ్యాప్‌ల గురించి ఇంకో రెండు మాటలు. మీ ఫైల్లో కొన్ని చోట్ల ఎన్‌నోర్‌మ్యాప్, కొన్ని చోట్ల ఎన్‌మ్యాప్ ఉన్నాయి. ఎన్‌మ్యాప్ కుడివైపు రాసిన మీటలకు మళ్లీ ఏదైనా మ్యాప్ ఉందేమో చూస్తుంది, దానికీ ఇంకోటి ఉంటే అక్కడికీ వెళ్తుంది; నోర్ చేర్చిన రూపం మాత్రం ఆ మీటల సహజమైన అర్థాన్నే తీసుకుంటుంది. ప్రత్యేకంగా కారణం ఉంటే తప్ప నోర్ ఉన్న రూపమే రాయండి. ఇక లీడర్ మీటను నిర్ణయించే లెట్ మ్యాప్‌లీడర్ వరుస మీ ఫైల్లో 260వ వరుస దగ్గర ఉంది, లీడర్‌ను వాడే మ్యాప్‌లు సగం దానికి ముందే ఉన్నాయి. మ్యాప్‌ను నిర్వచిస్తున్న క్షణంలో లీడర్ ఏదైతే అదే ఆ మ్యాప్‌లో శాశ్వతంగా చేరిపోతుంది. కనుక పై సగానికి విమ్ సహజ లీడర్ అయిన వెనక్కి వాలిన గీత, కింది సగానికి మీ ఫైలు పెట్టిన స్పేస్ లీడర్ అయ్యాయి. ఇది మీరు ఇంకా గమనించి ఉండరు. ఏ మీటకు ఏ మ్యాప్ ఉందో, ఏ ఫైలు పెట్టిందో చూడటానికి కూడా వెర్బోస్ పనికొస్తుంది: వెర్బోస్ ఎన్‌మ్యాప్ అని రాసి పక్కన ఆ మీటను ఇస్తే చాలు.

ఆలస్యం విషయంలో ఊహలకు చోటే లేదు, కొలిస్తే తెలుస్తుంది. టెర్మినల్‌లో విమ్ అని రాసి, రెండు అడ్డగీతలు పెట్టి స్టార్టప్‌టైమ్ అని, పక్కన ఒక ఫైలు పేరు ఇచ్చి తెరిచి వెంటనే మూసేయండి. ఏ స్క్రిప్టును ఎప్పుడు చదివిందో, దానికెన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఆ ఫైల్లో వరుసగా రాసి ఉంటుంది. మీ విమ్‌ఆర్‌సీ చివర సిస్టమ్ అనే ఫంక్షన్‌తో, ప్లగిన్లకు కొత్త మార్పులు వచ్చాయేమో నెట్‌కు వెళ్లి చూసే గిట్ ఆదేశం ఒకటి నడుస్తోంది. సిస్టమ్ ఫంక్షన్ ఆ ఆదేశం పూర్తయ్యే దాకా విమ్‌ను కదలనివ్వదు. నెట్ బాగుంటే రెండు సెకన్లు, రైల్లో ఉన్నప్పుడైతే ఎంతసేపో చెప్పలేం. ఆ వరుస తీసేసి, వారానికోసారి మీరే చేత్తో నవీకరించుకోండి. పక్కవారి ఫైలును చదవకుండా వాడకూడదని నేననడానికి ఇదే పెద్ద కారణం: మీకు తెలియకుండా బయటి ఆదేశాలు నడిపే అధికారం ఆ ఫైలుకు ఉంది.

ఇప్పుడు ఒక్క వరుస ఫైలుతో రంగులు ఎందుకు పోయాయన్నది. 2016లో వచ్చిన విమ్ 8.0 నుంచి, మీకు సొంత విమ్‌ఆర్‌సీ లేకపోతే విమ్ తనతో పాటు వచ్చే డీఫాల్ట్స్ డాట్ విమ్ అనే ఫైలును చదువుతుంది. రంగులు, భాష గుర్తింపు, మౌస్, వెతుకుతుండగానే ఫలితం చూపించే ఇంక్‌సెర్చ్, ఫైలును కిందటిసారి వదిలిన చోటే తెరవడం వంటివన్నీ అందులో ఉన్నాయి. సొంత విమ్‌ఆర్‌సీ కనబడగానే, అది ఖాళీ ఫైలైనా సరే, ఇక అన్నీ మీరే చూసుకుంటారని భావించి విమ్ ఆ డీఫాల్ట్స్ ఫైలును చదవడం మానేస్తుంది. అందువల్ల ఒక వరుస చేర్చుకున్నానని మీరు అనుకున్నారు, నిజానికి పదిహేను ఇరవై అమరికలు పోగొట్టుకున్నారు. మందు చిన్నదే: మీ ఫైలు మొట్టమొదటి వరుసగా సోర్స్ అని రాసి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, పెద్దబడి అక్షరాల్లో విమ్‌రన్‌టైమ్, స్లాష్, డీఫాల్ట్స్ డాట్ విమ్ అని రాయండి. ముందే ఉంటే దాని తర్వాత మీరు రాసేవి దాన్ని అధిగమిస్తాయి, చివర పెడితే అది మీవాటిని అధిగమిస్తుంది. దానితో మౌస్ తిరిగి వస్తుంది. మౌస్‌తో ఎంచుకున్న పాఠాన్ని టెర్మినల్ పద్ధతిలో కాపీ చేయాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి ఎంచుకోవాలి.

మీ పాత ఫైలు మొదట్లో ఉన్న సెట్ నోకంపాటిబుల్ కూడా ఇలాంటి చరిత్ర అవశేషమే. బ్రామ్ మూలెనార్ 1991లో అమీగా కంప్యూటర్ల కోసం విమ్‌ను తొలిసారి విడుదల చేసినప్పుడు దాని పేరుకు అర్థం ‘వీఐకి అనుకరణ’. 1993 నుంచి అది ‘మెరుగుపరచిన వీఐ’ అయింది. పాత వీఐలా నడుచుకోవాలా అన్నది నిర్ణయించేదే కంపాటిబుల్. సొంత విమ్‌ఆర్‌సీ ఉండటమే దాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆ వరుస అవసరం లేదు. హాని కూడా లేదు, ఉంచితే ఉంచండి.

నాలుగు వందల వరుసల్లో తప్పు ఏ వరుసలో ఉందో తెలియనప్పుడు నేను చేసే పని ఇది. ముందుగా విమ్ పక్కన రెండు అడ్డగీతలు, క్లీన్ అని ఇచ్చి తెరుస్తాను; అది మన ఫైళ్లేవీ చదవకుండా డీఫాల్ట్స్‌తో మాత్రమే తెరుచుకుంటుంది. అక్కడ తప్పు కనబడకపోతే దోషం మనదే. అప్పుడు విమ్‌ఆర్‌సీ మధ్యలో, ఏ ఇఫ్, ఫంక్షన్ నడుమా కాకుండా చూసుకుని, ఫినిష్ అనే ఒక్క మాట రాస్తాను. విమ్ అక్కడితో ఆ ఫైలు చదవడం ఆపేస్తుంది. తప్పు ఇంకా ఉంటే పై సగంలో, లేకపోతే కింది సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే నాలుగు వందల వరుసల ఫైలుకు తొమ్మిది ప్రయత్నాలు చాలు. ఏయే ఫైళ్లను విమ్ నిజంగా చదివిందో తెలుసుకోవడానికి స్క్రిప్ట్‌నేమ్స్ అనే ఆదేశం ఉంది. మీరు ఒక ఫైలును దిద్దుతుంటే విమ్ మరో ఫైలును చదువుతున్న సందర్భాలు మీరనుకున్న దానికన్నా ఎక్కువ.

మీ పాత ఫైల్లో ఒక ఆటోకమాండ్ (ఫలానాది జరిగినప్పుడు విమ్ తనంతట తాను నడిపే ఆదేశం) ఉంది, దాన్ని కొత్త ఫైల్లోకి తీసుకెళ్లవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. సేవ్ చేసే ముందు ప్రతి వరుస చివర ఉన్న ఖాళీలను తుడిచిపెట్టే వరుస అది. చూడటానికి శుభ్రంగా, బుద్ధిమంతుల పనిలా ఉంటుంది. నేనూ చాలాకాలం వాడాను. ఒకసారి పదేళ్ల నాటి ఫైల్లో రెండు వరుసలు దిద్ది సమీక్షకు పంపితే, వందల వరుసలు మారినట్టు కనిపించింది. నా రెండు వరుసలు ఎక్కడున్నాయో వెతకలేక సమీక్షించే పెద్దాయన దాన్ని వెనక్కి పంపారు. ఆయన ‘తుడవడం వేరే కమిట్, దిద్దడం వేరే కమిట్’ అని ఒక్క వాక్యమే రాశారు. పైగా మార్క్‌డౌన్‌లో వరుస చివరి రెండు ఖాళీలకు వరుస విరుపు అనే అర్థం ఉంది, తుడిస్తే ఆ విరుపు పోతుంది. అవసరమైనప్పుడు మీరే నొక్కే మ్యాప్‌గా పెట్టుకోండి, దానంతట అది నడవనివ్వకండి. ఏ ఆటోకమాండ్ రాసినా దాన్ని ఆగ్రూప్ అనే గుంపులో పెట్టి, ఆ గుంపు మొదట్లో ఆశ్చర్యార్థకంతో ఆటోకమాండ్ అని రాసి పాతవాటిని చెరిపించండి. లేకపోతే విమ్‌ఆర్‌సీని తిరిగి సోర్స్ చేసిన (విమ్ చేత చదివించిన) ప్రతిసారీ అదే ఆటోకమాండ్ మరొకటి చేరి, పదోసారికి ఒక్క సేవ్‌కు పదిసార్లు నడుస్తుంది.

ఇక కొత్త ఫైల్లో ఏం ఉండాలన్నది. డీఫాల్ట్స్ వరుస తర్వాత లెట్ మ్యాప్‌లీడర్, ఆ తర్వాత నంబర్. వెతుకులాటకు ఇగ్నోర్‌కేస్, స్మార్ట్‌కేస్ రెండూ కలిపి పెట్టండి: అన్నీ చిన్నబడిలో కొడితే రెండు బడులనూ పట్టుకుంటుంది, ఒక్క పెద్దబడి అక్షరం కలిపినా అచ్చంగా దాన్నే వెతుకుతుంది. సేవ్ చేయని ఫైలును పక్కనబెట్టి ఇంకోదానికి వెళ్లనిచ్చే హిడెన్, పైన చెప్పిన ట్యాబ్ అమరికలు మూడు. సమానం గుర్తు తర్వాత ఖాళీ వదలకూడదు, వదిలితే విమ్ దోషం చూపిస్తుంది. మొత్తం పది వరుసలు కూడా కావు.

వీటికి తోడుగా నేను వదులుకోలేనిది అన్‌డూఫైల్. 2010లో వచ్చిన 7.3 నుంచి ఉన్న ఈ అమరికతో, ఫైలు మూసి మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవచ్చు. దాని అన్‌డూడిర్‌కు డాట్‌విమ్ లోపల ఒక డైరెక్టరీని చూపించండి. అయితే ఆ డైరెక్టరీని విమ్ తనంతట తాను సృష్టించదు, మీరు ముందే చేసి పెట్టకపోతే ఫిర్యాదు కూడా చేయకుండా ఊరుకుంటుంది. మరో జాగ్రత్త: ఫైల్లో నుంచి చెరిపేసిన పాస్‌వర్డ్ అన్‌డూ ఫైల్లో ఇంకా ఉంటుంది. అందుకని రహస్యాలుండే ఫైళ్లకు, టీఎంపీ డైరెక్టరీలోని వాటికి, సెట్‌లోకల్ నోఅన్‌డూఫైల్ అని ఒక ఆటోకమాండ్ పెట్టుకోవడం మంచిది. సిస్టమ్ ఫైళ్లను దిద్దేటప్పుడు సుడో విమ్ అని తెరిస్తే మీ అమరికలు కాక రూట్ అనే నిర్వాహక వినియోగదారువి వచ్చే వీలుంది. సుడోఎడిట్ అని తెరిస్తే ఆ ఫైలు తాత్కాలిక ప్రతిని మీ పేరుతోనే, మీ ఎడిటర్‌లోనే తెరిచి, మూశాక అసలు చోట రాస్తుంది.

వ్యాఖ్యలు తెలుగులో రాస్తారని మీరు ప్రస్తావించారు కనుక ఇది కూడా చెబుతాను. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక పెట్టుకుని రాస్తే, ఎస్కేప్ నొక్కి నార్మల్ మోడ్‌కు వచ్చాక జె నొక్కినప్పుడు విమ్‌కు అందేది ‘ర’, కె నొక్కితే ‘క’, కర్సర్ కదలదు. ప్రతిసారీ భాష మార్చుకోవడం విసుగు. దీనికి విమ్‌లోనే కీమ్యాప్ అనే ఏర్పాటు ఉంది. డాట్‌విమ్‌లో కీమ్యాప్ అనే డైరెక్టరీ చేసి, అందులో లోడ్‌కీమ్యాప్ అనే వరుస, దాని కింద ఎడమవైపు మీట, కుడివైపు దానికి రావలసిన తెలుగు అక్షరం చొప్పున ఒక ఫైలు రాసుకుంటే, అది ఇన్‌సర్ట్ మోడ్ వంటి పాఠం కొట్టే చోట్ల మాత్రమే వర్తిస్తుంది, నార్మల్ మోడ్ మీటలు మామూలుగానే ఉంటాయి. ఇన్‌సర్ట్ మోడ్‌లో కంట్రోల్, 6 కలిపి నొక్కితే తెలుగుకూ ఇంగ్లీషుకూ మారవచ్చు. సెట్ కీమ్యాప్ రాయగానే తెలుగు అమల్లోకి వస్తుంది కాబట్టి దాని కింద సెట్ ఐఎమ్ఇన్‌సర్ట్=0 అని కూడా రాయండి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనబడటం మాత్రం విమ్‌ఆర్‌సీతో తీరేది కాదు. అక్షరాలను కూర్చి చూపించే బాధ్యత టెర్మినల్‌ది, తెలుగును సరిగా కూర్చే టెర్మినల్‌కు మారడమే దారి.

ఫైలును ఎక్కడ ఉంచాలన్నది చివరి విషయం. హోమ్‌లో డాట్‌విమ్‌ఆర్‌సీగా కాక, డాట్‌విమ్ డైరెక్టరీలో చుక్క లేకుండా విమ్‌ఆర్‌సీ అనే పేరుతో పెట్టినా విమ్ చదువుతుంది. అయితే హోమ్‌లో డాట్‌విమ్‌ఆర్‌సీ ఉంటే దాన్నే తీసుకుని రెండోదాన్ని చూడదు కాబట్టి పాతదాన్ని తొలగించండి. అప్పుడు ఆఫ్టర్, కీమ్యాప్ డైరెక్టరీలతో సహా అంతా ఒకే చోట ఉంటుంది, ఆ డైరెక్టరీని గిట్ రిపాజిటరీగా చేసుకుంటే కొత్త యంత్రానికి ఒక్క క్లోన్‌తో వెళ్తుంది. అన్‌డూ ఫైళ్ల డైరెక్టరీని మాత్రం గిట్‌ఇగ్నోర్‌లో పెట్టండి. ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్‌లో దిద్ది లినక్స్‌కు తెచ్చినప్పుడు ప్రతి వరుస చివర టోపీ గుర్తుతో ఎమ్ చూపిస్తూ దోషాలు కురిస్తే భయపడకండి, అది విండోస్ వరుస ముగింపుల పుణ్యం; ఆ ఫైలును తెరిచి సెట్ ఫైల్‌ఫార్మాట్=యునిక్స్ అని సేవ్ చేస్తే పోతుంది. ఒకవేళ విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌ అనే ఎడిటర్‌కు మారాలనుకుంటే ఇక్కడ చెప్పిన సెట్ అమరికలు, మ్యాప్‌లు చాలావరకు ఇనిట్ డాట్ విమ్‌లో అలాగే పనిచేస్తాయి. డీఫాల్ట్స్ వరుస మాత్రం అక్కడ వద్దు, మంచి అమరికలు అక్కడ ముందే అమల్లో ఉంటాయి.

ముందుగా సెట్ పేస్ట్ వరుసను, గిట్ వరుసను తీసేసి, సేవ్ మ్యాప్ చివరి వ్యాఖ్యను పైకి జరిపి, ఆఫ్టర్ డైరెక్టరీలో పైథాన్ ఫైలు పెట్టి చూడండి. అప్పటికీ పైథాన్‌లో నాలుగే పడుతుంటే, వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్ ఇచ్చిన రెండు వరుసలను, స్క్రిప్ట్‌నేమ్స్ ఇచ్చిన జాబితాను ఇక్కడ అతికించండి, చూసి చెబుతాను.